దేనికి సరేనన్నాడో

ఖుద్దూస్‌కి పారసీ భాష పట్టుబడలేదు. పట్టుబడాలంటే ముందు పట్టుకోవాలి గదా, అదీ జరగలేదు. ఉత్త ఆరంభశూరుడు. ఏటా రంజాన్ వెళ్ళగానే మొదలుపెట్టడం, బక్రీద్ వచ్చేలోగా అటకెక్కించడం.

మచిలీపట్నం రేవు దగ్గర ఉండే సూఫీ గురువు యాకూబ్ షాకి అతను శిష్యుడు. ఒకనాడు గురువునే అడిగేశాడు.

"హజ్రత్, పారసీ వస్తే నవాబుగారి కొలువులో నలుగురూ గౌరవిస్తారు. ఆ సంగతి తెలుసు. అయినా పుస్తకం తెరిస్తే ఆవులింతలొస్తాయి. పరాయి భాష మీద మనసు పుట్టాలంటే ఏం చెయ్యాలి?"

యాకూబ్ షా "పెగూ మనిషి దగ్గర ఇవాళ నువ్వు కూర్చో" అన్నాడు.

సముద్రం అవతలి పెగూ దేశపు ఓడ ఒకటి, జ్వరపడ్డ నావికుణ్ణి గురువుగారి మకాంలో దించి వెళ్ళిపోయింది. అతని భాష తెలిసినవాడు రేవులో ఎవడూ మిగల్లేదు. ఆ మకాంలో ఒక ఆనవాయితీ ఉంది. పరదేశి ఎవరైనా అక్కడ కన్నుమూస్తే, పక్కన కూర్చున్నవాడే అతని ఆఖరి మాట విని, అయినవాళ్ళు వచ్చినప్పుడు అప్పజెప్పాలి.

ఖుద్దూస్ వెళ్ళి నుదుట తడిగుడ్డ వేశాడు. గంజి తాగించాడు. సాయంత్రానికి ఆ మనిషి అతని చెయ్యి పట్టుకుని ఏదో చెప్పసాగాడు. చెప్పిందే చెబుతున్నాడు. జ్వరంలో పలవరింత అనుకున్నాడు ఖుద్దూస్. పాపం, ఊరట కలుగుతుందని "సరే, సరే" అంటూ తలూపాడు.

ఆ మనిషి మొహం తేటపడింది. చెయ్యి వదిలి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.

గాలులు తిరిగాక ఇంకో పెగూ ఓడ వచ్చింది. పోయినవాడి తమ్ముడు వెతుక్కుంటూ మకాంకి వచ్చాడు. కాస్త తెలుగు తెలిసిన ఓడ సరంగు అతని వెంట ఉన్నాడు.

"అన్న ఏం చెప్పి పోయాడని అడుగుతున్నాడు" అన్నాడు సరంగు.

ఖుద్దూస్ ఒక్క ముక్కయినా గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. పలవరింతని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

"ఏదో అన్నాడు. నాకు తెలీలేదు."

తమ్ముడు అతని నోటివంకే చూశాడు. తర్వాత అన్నని మట్టిచేసిన చోటికి దారి అడిగాడు. కోప్పడినా బావుండేది.

ఆ పూట ఖుద్దూస్ అన్నం ముట్టలేదు. గురువు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేను సరేనన్నాను, హజ్రత్. దేనికి సరేనన్నానో తెలీదు. అతను నన్ను నమ్మి పోయాడు."

ఖుద్దూస్ గురువు వైపు తిరిగాడు.

"పెగూ భాష నేర్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"చెప్పినవాడు పోయాడు గదా, బేటా. ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తావు?"

"మళ్ళీ ఎవర్నో ఒకర్ని దించి పోతారు, హజ్రత్."

గురువు లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"ఓడ ఇంకా కదల్లేదు. సరంగుని అడుగుదాం, పద."