మలుపులో రెండు చక్రాలు

తిన్నటి రోడ్డు మీద హైమ జీపుకు వంకపెట్టే పనే లేదు. చప్పుడు లేకుండా, కుదుపు లేకుండా సాఫీగా పోయేది. మలుపు వచ్చిందంటే మాత్రం మొండికేసేది. వెనక టైర్లు కీచుమనేవి. వెనక భాగం అదిరి అదిరి పడేది. స్టీరింగు ఎంత తిప్పినా బండి ముక్కు అవతలి అంచుకే పోతానని పేచీ పెట్టేది.

మూడు వారాలుగా ఇదే వరస. తిన్నటి రోడ్డుకైతే ఆ బండి అక్కర్లేదు. అది ఎక్కాల్సింది పాడేరు కొండ.

మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట దేముడు మేస్త్రి షెడ్డు ఉంది. నలభై ఏళ్లుగా ఆ కొండెక్కే జీపుల్లో ఆయన చెయ్యి పడనిది లేదు. మాట్లాడటం ఆయనకు పెద్దగా పట్టదు. మాట్లాడితే స్పానరు జారుతుందని భయమేమో. హైమ విశాఖలో ఇంజనీరింగు చదివి, స్కూటర్ల మోటార్లు చేసే కంపెనీలో రెండేళ్లు పనిచేసి, అది మానేసి ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. అంత చదివిన పిల్ల చేతికి గ్రీజు అంటనిస్తుందా అని షెడ్డులో వాళ్లు నవ్వుకున్నారు. ఈ మూడేళ్లలో ఆమె గోళ్లలోంచి గ్రీజు పోయిన రోజు లేదు.

జీపు ఎక్కడో మూలపడి ఉన్నదే. తేనెగరువు చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ల రోగుల్ని కొండ దింపడానికి ఒక ట్రస్టు వాళ్లు ఇచ్చారు. హైమ దాని వెనక చక్రాలు రెండింటిలోనూ చెరో మోటారు బిగించింది. ముందున్న ఇంజను ఇక చక్రాలను తిప్పదు, బ్యాటరీకి కరెంటు తీసి ఇస్తుంది, అంతే. ఇంజను నుంచి వెనక్కి వెళ్లే పొడుగాటి షాఫ్టు పోయింది. రెండు చక్రాల మధ్య వేలాడే ఇనప ముద్ద, డిఫరెన్షియల్, అదీ పోయింది. ఆ ఖాళీలోకి నేలను దించి, మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత పరుపు వేసింది. పాత జీపులో ఇది కలలో మాట.

డిఫరెన్షియల్ విప్పింది మేస్త్రే. ఆ చుట్టుపక్కల ఆయనకు పేరొచ్చిందే దాని రిపేరులో. ఆయన దాన్ని విప్పి కింద పెడుతుంటే హైమ నోరు ఊరుకోలేదు.

“ఇక దీంతో పని లేదు మేస్త్రిగారూ. ఏ చక్రం మోటారు దానికుంది. రెండూ చుట్టులో పిసరంత తేడా రాకుండా తిరిగేలా ప్రోగ్రాం రాశాను. ఇది అంత కచ్చితంగా తిప్పగలదా?”

“తిప్పలేదు” అన్నాడు మేస్త్రి.

హైమ మురిసిపోయింది. మేస్త్రి మోటారున్న చక్రాన్ని చేత్తో తిప్పి, వదిలి, మళ్లీ తిప్పి చాలాసేపు చూశాడు. “బాగుంది” అన్నాడు. ఆయన నోట ఆ మాట షెడ్డులో ఎవరూ విని ఎరగరు. ఆ రోజంతా హైమ కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆ తర్వాతే మలుపులు వచ్చాయి.

హైమ టైర్లలో గాలి చూసింది. టైర్లే మార్చింది. వెనక స్ప్రింగు పట్టీలు బిగించింది. చివరికి కుడి మోటారులో ఏదో లోపం ఉందని కుడిదాన్ని ఎడమకీ ఎడమదాన్ని కుడికీ వేసింది. కంప్యూటర్లో చూస్తే రెండు చక్రాల చుట్లూ సమానం, తిన్నటి రోడ్డు మీదా సమానమే, మలుపులోనూ సమానమే. తన రాతలో తప్పు లేదని అంకెలే సాక్ష్యం చెబుతున్నాయి. ఇక తప్పెవరిది?

“మోటార్లు మార్చమంటారా?” అని మేస్త్రిని అడిగింది.

“మార్చి సూడు.”

“పోనీ, స్టీరింగు విప్పమంటారా?”

“ఇప్పి సూడు.”

ఇలాంటి గురువు దగ్గర నేర్చుకోవడం కంటే గోడకు తల కొట్టుకోవడం నయమని హైమకు ఒళ్లు మండింది.

గురువారం నర్సు ఎస్తేరమ్మ వచ్చింది. జీపు కొండెక్కాలా వద్దా అన్నది ఆమె చెప్పాలి. పదహారేళ్లుగా ఆ తొమ్మిది ఊళ్లూ కాలినడకన తిరుగుతోంది. నెలలు నిండిన ఆడవాళ్లను గెడకు దుప్పటితో డోలీ కట్టి, ఇద్దరు మనుషుల భుజాల మీద దింపించిన చెయ్యి ఆమెది. పోయిన వానాకాలం ఒకామె సగం దారిలోనే పోయింది. ఎస్తేరమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తదు. మంచి బండి కావాలన్న మాట మాత్రం ఎవరు కనిపించినా ఎత్తుతుంది.

ఆమె వెనక పరుపు మీద పడుకుని, “పోనియ్యమ్మా, నేను పేషెంటుననుకో” అంది.

మొదటి మలుపులో ఆమె పక్కనున్న కమ్మీ పట్టుకుంది. రెండో మలుపులో రెండు చేతులతో పట్టుకుంది. మూడో మలుపులో టైర్లు అరిచి, బండి లోయ వైపు నాలుగడుగులు జరిగి ఆగింది.

ఎస్తేరమ్మ లేచి, చీర సర్దుకుని, కిందికి దిగింది. “నేను నడిచొస్తాను. నువ్వు నెమ్మదిగా తీసుకురా” అంది.

ఆమె షెడ్డుకు చేరేసరికి మేస్త్రి టీ తెప్పించి ఉంచాడు. బల్ల మీద కూర్చుని, గ్లాసు పక్కన పెట్టుకుని, ఆమె ఉన్నమాట చెప్పేసింది.

“కడుపుతో ఉన్న మనిషిని ఇందులో ఎక్కించను తల్లీ. దీనికంటే డోలీయే నయం. వానలు ఇంకో పదిరోజుల్లో పడతాయి. ఈలోగా తేలకపోతే జీపు తీసుకుపొమ్మని ట్రస్టు వాళ్లకి చెప్పేస్తాను. మరేమీ అనుకోకు.”

ఉద్యోగం వదులుకున్నందుకు ఇంట్లో పడ్డ మాటలు హైమకు లెక్కలేదు. ఈ బండి కొండెక్కడం లేదన్నదే తట్టుకోలేకపోయింది.

“ఈ మోటార్లు కొండకి పనికిరావేమో మేస్త్రిగారూ” అంది. “మైదానం ఊళ్ల కోసం చేసినవేమో. విప్పేస్తాను.”

మేస్త్రి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

“ఎస్తేరమ్మా, కొంచెం లేస్తావా? బల్లతో పనుంది” అన్నాడు. ఆమె గ్లాసు తీయబోతుంటే, “అదక్కడే ఉండనీ. బల్ల నడిమికి జరుపు” అన్నాడు.

తను బల్లకు ఎడమ కొసన నిలబడ్డాడు. కుడి కొస పట్టుకోమని హైమకు సైగ చేశాడు. ఇద్దరూ బల్లను అడ్డంగా పట్టుకుని రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడ్డారు. మధ్యలో నిండు గ్లాసు టీ.

“అడుగులు లెక్కెట్టు. నీ అడుగు, నా అడుగు సమానం. తేడా రాకూడదు.”

హైమకు ఏమీ అర్థం కాలేదు. అయినా లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. షెడ్డు ముందు వాకిలి పొడుగునా ఇద్దరూ కవాతు చేసినట్టు నడిచారు. టీ చుక్క తొణకలేదు. వాకిలి చివర డీజిలు డ్రమ్ము ఉంది.

“డ్రమ్ము సుట్టూ తిరిగి ఎనక్కెళ్దాం” అన్నాడు మేస్త్రి. “లెక్క తప్పకు.”

డ్రమ్ము ఆయన వైపుంది. ఆయన పెద్ద అడుగు వేశాడు. హైమా అంతే అడుగు వేసింది. బల్ల తిరగలేదు, ఎదుటి కంచె మీదికి పోయింది. మేస్త్రి తన కొసను డ్రమ్ము వైపు గుంజాడు, అడుగు మాత్రం తగ్గించలేదు. హైమ చేతుల్లో బల్ల అదిరింది. ఆమె తూలింది. గ్లాసు జారి, టీ అంతా బల్ల మీద పారి, ఆమె కాళ్ల మీద పడింది.

“నా టీ పోయింది” అంది ఎస్తేరమ్మ.

“మేస్త్రిగారూ, మీరు లోపలి వైపున్నారు” అంది హైమ, కాలు విదిలిస్తూ. “మీకు దారి తక్కువ. మీరు చిన్న అడుగులెయ్యాలి. నేను పెద్దవి వేస్తాను.”

“సమానమన్నాను కదా.”

“సమానంగా వేస్తే తిరగదండీ. ఒకళ్లనొకళ్లు లాక్కుని…”

అంతవరకు వచ్చి హైమ ఆగిపోయింది. జీపు వైపు చూసింది. తిన్నటి రోడ్డు మీదా సమానమే, మలుపులోనూ సమానమే. మూడు వారాలుగా కంప్యూటర్లో తనకు ధైర్యం చెప్పిన అంకెలవి.

మేస్త్రి ఎస్తేరమ్మకు ఇంకో టీ తెప్పించి, అది బల్ల మీద పెట్టించి, మళ్లీ ఎడమ కొస పట్టుకున్నాడు. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు. డ్రమ్ము దగ్గర ఆయన దాదాపు ఉన్నచోటే నిలబడి పాదాలు మెల్లగా తిప్పాడు. హైమ గ్లాసు మీదే చూపు పెట్టి ఆయన చుట్టూ నడిచొచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు.

ఎస్తేరమ్మ గ్లాసు తీసుకుని, తీరిగ్గా తాగింది. “శనివారం మళ్లీ వస్తాను” అంది.

హైమ అప్పటికే జీపులో కూర్చుని ఉంది. రెండు చక్రాలనూ కట్టేసి ఉంచిన తన రాతను, అంత మురిపెంగా రాసుకున్నదాన్ని, సగానికి పైగా కొట్టేసింది. రెండు మోటార్లకూ సమానమైన బలం ఇచ్చింది. ఏ చక్రం ఎన్ని చుట్లు తిరగాలన్నది మలుపుకు వదిలేసింది. విప్పేసిన డిఫరెన్షియల్ ఇన్నాళ్లూ చేసిందీ ఇదే. దానిపైన, స్టీరింగు ఎటు తిరిగినా బయటి చక్రానికి కాస్త ఎక్కువ ఊతం అందేలా రాసింది. ఇది మాత్రం ఆ ఇనప ముద్దకు చేతకాని పని. మోటార్లకు చిటికెలో పని.

శనివారం పొద్దున ఎస్తేరమ్మ మళ్లీ పరుపు మీద పడుకుంది. మూడో మలుపు దగ్గర కమ్మీ మీద చెయ్యి వేసింది. బండి ఒద్దికగా తిరిగింది. ఆరో మలుపు దగ్గర చెయ్యి తీసేసింది. ఆ తర్వాత తన అల్లుడి ఉద్యోగం గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. హైమకు ఆ కబుర్లు చాలు.

పైన తేనెగరువులో ఊరంతా రోడ్డు మీదే ఉంది. నెలలు నిండిన చిలకమ్మకు తెల్లవారినప్పటి నుంచి నొప్పులు. ఇద్దరు మనుషులు అప్పటికే గెడ తెచ్చి డోలీ కడుతున్నారు. ఎస్తేరమ్మ వాళ్ల దగ్గరికి వెళ్లి దుప్పటి ముడి తనే విప్పింది.

“జీపులోకి తీసుకురండి” అంది.

కొండ దిగుతుంటే హైమ వెనక్కి చూడలేదు. చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. బ్రేకు మీద కాలు పెట్టాల్సిన పని చాలాచోట్ల పడలేదు. చక్రాల్లోని మోటార్లే బండిని పట్టుకుని దింపుతున్నాయి. దిగిన ప్రతి మలుపుకూ బ్యాటరీలో కరెంటు కొంచెం పెరుగుతోంది. చిలకమ్మ ఒకటి రెండుసార్లు మూలిగింది, అదీ నొప్పికే, కుదుపుకు కాదు. పక్కన ఆమె తల్లి రెండు చేతులతో కమ్మీని బిగించి పట్టుకుని కూర్చుంది.

“అమ్మా, ఆ పెద్ద మలుపులు ఎప్పుడొస్తాయి?” అని అడిగింది.

“అయిపోయాయి” అంది ఎస్తేరమ్మ.

హైమకు కళ్లు చెమర్చాయి. ఎదురుగా కొండ కింద షెడ్డు కనిపించింది. మేస్త్రి బయట కూర్చుని ఏదో బోల్టుకు నూనె పెడుతున్నాడు. ఆయనతో చెప్పకుండా ముందుకు పోవడం ఆమె వల్ల కాలేదు. జీపు పక్కకు తీసి ఆపింది. కిటికీలోంచి తల బయట పెట్టింది. ఒక్క మలుపు కూడా తొణకలేదని, పైన బయల్దేరినప్పటి కంటే ఇప్పుడు బ్యాటరీలో ఎక్కువుందని చెప్పాలి. ఆయన బాగుందనాలి.

మేస్త్రి తలెత్తి చూశాడు. చక్రాల వైపు చూడలేదు.

“ఎందుకాపావు?” అన్నాడు. “లోపల మనిషుంది. పోనియ్.”