మేడ మీద లేని మంచం

“‘జనం చేతిలో ఏది ఉంటే దాంట్లో పనిచెయ్యాలి’ అన్నాడు షావుకారు. ఏది ఉంటే దాంట్లో. మరి అట్లకాడ వదిలేద్దామంటావేటి?” అని తవిటినాయుడు తమ్ముడి మీదకి లేచాడు.

తమ్ముడు పోలినాయుడు తగ్గలేదు. అట్లకాడకి తెర లేదు, తెర లేనిదాంట్లో మంచం ఎక్కడ కనిపిస్తుందని వాడి వాదన. చెల్లెలు గౌరి మధ్యలో దూరి, ముందు గొడుగు సంగతి తేల్చండి, విప్పితే అదే కాస్త వెడల్పుగా ఉంటుంది అంది.

సంగతేంటంటే, పాలకొండలో దండాసి షావుకారి మంచాల కొట్టు మీది మేడగది ఈ ముగ్గురి ఆఫీసు. చేస్తున్నది మిక్స్‌డ్ రియాలిటీ యాప్. అంటే మరేం లేదు, ఉన్న గదిలో లేని మంచాన్ని చూపించడం. కొనేవాళ్ళు ఇంట్లో నిలబడి ఫోను అటు తిప్పితే చాలు, కొట్లో మంచం వాళ్ళ గదిలో వేసినట్టు కనిపించాలి. ఫోన్లో కనిపించాలి, ట్యాబ్‌లో కనిపించాలి, తలకి తొడుక్కునే ఆ పెద్ద కళ్ళజోడులోనూ కనిపించాలి. దసరాలోపు పనైతే గది వాళ్ళకే ఉంచుతానన్నాడు షావుకారు. కాకపోతే ఖాళీ. తవిటినాయుడికి యాప్ కంటే గదే ముఖ్యం. గుమ్మం మీద వాడి పేరుతో బోర్డుంది. కోళ్ళఫారంలో పని మానేసి వచ్చాడు, బోర్డు దించితే మళ్ళీ కోళ్ళ దగ్గరికే. అయినా భయమెందుకు? మన ఇంట్లో ఉన్న బుర్ర జిల్లాలో ఎవరింట్లో ఉందని ముగ్గురూ రోజూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవాళ్ళు. షావుకారు చెప్పింది చెప్పినట్టు చేస్తారు, ఒక్క మాట పొల్లుపోనివ్వరు. అదీ వాళ్ళ గొప్ప.

అందుకే పొద్దున్నే వీధిలో నిలబడి ఎవరి చేతిలో ఏముందో చూసొచ్చారు. కొందరి చేతుల్లో ఫోన్లున్నాయి. మిగతావాళ్ళ చేతుల్లో గొడుగు, పాలక్యాను, చంటిపిల్ల, టిఫిన్ బండావిడ చేతిలో అట్లకాడ. చంటిపిల్లని వాళ్ళమ్మ ఇవ్వనంది. తక్కినవన్నీ అడిగి తెచ్చుకున్నారు. గొడుగు విప్పి గదంతా తిప్పారు. మంచం రాలేదు. ఛార్జింగ్ లేదేమో అంది గౌరి. అట్లకాడకి మేకుకి తగిలించే కన్నం ఉంది గానీ, ఛార్జర్ పిన్ను అందులో వదులుగా ఆడుతోంది. ఇంతలో పెనం మీద అట్టు మాడిపోతోందని బండావిడ మేడెక్కి వచ్చింది. అట్లకాడ లాక్కుని, దాంతోనే పోలినాయుడి వీపు మీద ఒకటిచ్చి వెళ్ళింది.

“ఆవిడ చేతిలో బాగానే పనిచేస్తోంది,” అన్నాడు పోలినాయుడు వీపు తడుముకుంటూ.

సంగతి విని షావుకారు తల పట్టుకున్నాడు. అట్లకాడలూ వద్దు, గొడుగులూ వద్దు, ఫోను, ట్యాబు, కళ్ళజోడు, ఈ మూడింట్లోనూ మంచం ఒకేలా కనిపిస్తే చాలన్నాడు.

ఇంకేముంది, టేపు తీశారు. ఫోను తెర మీద మంచం బెత్తెడుంది. ట్యాబ్ తెర మీద జానెడుంది. ఒకేలా ఎక్కడుంది? ఇక కళ్ళజోడు. గౌరి అది పెట్టుకుని దారి చెబుతుంటే తవిటినాయుడు గాల్లో టేపు పట్టాడు.

“అన్నియ్యా, కాస్త ఇవతలికి రా. దుప్పటి తొక్కుతున్నావు.”

తవిటినాయుడు గబుక్కున చెప్పులు విప్పేశాడు. అంత పెద్ద మంచాన్ని ఫోన్లో ఎలాగూ పట్టించలేం కాబట్టి మూడింట్లోనూ బెత్తెడే ఖాయం చేశారు.

మర్నాడు షావుకారు కళ్ళజోడు పెట్టుకుని మంచమేదీ అని గదంతా వెతికాడు. చివరికి మోకాళ్ళ మీద వంగితే బల్ల కాలు పక్కన కనిపించింది. దీని మీద ఎలకని పడుకోబెట్టినా తోక కింద వేలాడుతుందన్నాడు. ఆరడుగుల మంచం ఆరడుగులూ ఉండాల్సిందే, ఫోన్లో చూసినా సరేనని గట్టిగా చెప్పి దిగిపోయాడు.

అంతే. కళ్ళజోడులో ఆరడుగుల మంచం అప్పటికప్పుడే గది మధ్యలో వేసేశారు. చిక్కల్లా ఫోనుతోనే. ఆరడుగుల ఫోను పాలకొండలో ఎవరి దగ్గరా లేదు. ఒకటి చాలకపోతే చాలినన్ని తెద్దామన్నాడు తవిటినాయుడు. ఆ మాటకి తమ్ముడూ చెల్లెలూ వాడి బుర్రని మెచ్చుకున్నారు. టెస్టింగ్ అని చెప్పి వీధిలో వాళ్ళందరి ఫోన్లూ పోగేసుకొచ్చారు. రెండు బల్లలు దగ్గరికి జరిపి వాటి మీద పక్కపక్కన పేర్చారు. ఒక్కో ఫోన్లో మంచం ఒక్కో ముక్క. అంచుల్లో పట్టెలు, మూలల్లో కోళ్ళు, మధ్యలో పూలదుప్పటి, తలగడ చోట ట్యాబు.

అప్పుడే షావుకారు ఎండలోంచి రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. ఎదురుగా మంచం. అమ్మయ్య అని కూలబడ్డాడు.

గదంతా పటపటమంది. అసలు మంచమే అనుకున్నారని తవిటినాయుడు ముందు మురిసిపోయాడు. ఈలోగా షావుకారి కింద ఒక ఫోను మోగింది. కాస్త లేస్తారా, ఎవరిదో కాలొచ్చిందని గౌరి ఆయన్ని మర్యాదగానే అడిగింది. మెట్ల మీద వీధి జనం వస్తున్న చప్పుడు అప్పుడు వినిపించింది.

జనానికి ఏదో సర్దిచెప్పి పంపేశాక షావుకారు అరవలేదు. అరిచినా బాగుండేది.

“సాయంత్రానికి గది ఖాళీ చెయ్యండి. మీరు పెట్టింది ఒక్కటి కూడా లోపల మిగలకూడదు.”

తవిటినాయుడు ఆయన చేతులు పట్టుకున్నాడు. కోళ్ళ సంగతి చెప్పాడు, బోర్డు సంగతి చెప్పాడు. షావుకారి మనసు కాస్త మెత్తబడింది. ఈ ఒక్క పనైనా సరిగ్గా చేసి చూపించు, మెట్ల కింద చిన్న గది ఇస్తాను, బోర్డు అక్కడ పెట్టుకుందువు అన్నాడు.

అంతకంటే ఏం కావాలి? ముగ్గురూ బల్లలు దించారు, కుర్చీలు దించారు, గోడకున్న మేకులు పీకారు, గది కడిగి తుడిచారు. ఏదైనా మర్చిపోయామేమోనని గౌరి ఆఖరిసారి కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

“అన్నియ్యా, మంచం ఉండిపోయింది.”

తవిటినాయుడు పెట్టుకుని చూశాడు. నిజమే. నట్టనడుమ ఆరడుగుల మంచం, పూలదుప్పటితో సహా. యాప్‌లో చెరిపేద్దామా అంటే పోలినాయుడు వద్దన్నాడు. అది షావుకారి కొట్లో మంచం, ఆయన సొత్తు పాడుచేస్తే చిన్న గది కూడా పోతుందన్నాడు. సరే, మోద్దాం అనుకున్నారు. తలవైపు తవిటినాయుడు, కాళ్ళవైపు పోలినాయుడు. కళ్ళజోడు గౌరికి. వాళ్ళ చేతులతో పాటు తెరలో మంచాన్ని జరిపే పని ఆమెది.

గుమ్మం దగ్గర పట్టలేదు. పక్కకి ఒరిగించారు, పట్టలేదు. నిలబెట్టారు, పైన తగులుతోందంది గౌరి. ఇంకేముంది, గునపం తెచ్చారు. ద్వారబంధం ఊడింది, దాంతోపాటు గోడ సగం ఊడింది. మంచానికి గీత కూడా పడలేదని గౌరి చెప్పాక తవిటినాయుడి ప్రాణం కుదుటపడింది.

ఆ చప్పుడుకి కింద కొట్లోంచి షావుకారు పరిగెత్తుకొచ్చి మెట్ల మలుపులో నిలబడిపోయాడు. ఒళ్ళంతా సున్నం రాలుతోంది.

“కొంచెం తప్పుకోండి షావుకారుగారూ,” అన్నాడు తవిటినాయుడు చెమటలు కక్కుతూ, “ఇదొక్కటే మిగిలింది.”

ఆయన కదల్లేదు. మలుపేమో ఇరుకు. మంచమేమో ఇరుక్కుపోయింది. మరి మీరే చెప్పండి, ముందు తలవైపు దించాలా, కాళ్ళవైపు దించాలా?