అంశుధ్వజుని ఆనపపాదు

పూర్వం, కుముద్వతీ నదికి ఇంకా రేవులు కట్టని యుగంలో, ఆ నదికి దక్షిణాన ఉన్న హారీతదేశాన్ని అంశుధ్వజుడనే రాజు ఏలుతుండేవాడు. సత్యవాక్పరిపాలకుడు, అతిథిపూజా ధురంధరుడు, దాతలలో అగ్రగణ్యుడు అని వందిమాగధులు ఆయనను కీర్తించేవారు. అందులో అబద్ధమేమీ లేదు. ఉన్న లోపమల్లా ఒకటే, ఆ మహానుభావునికి ఆగడం చేతకాదు. యజ్ఞం ఆరంభించిన పూటే ఫలం కనబడలేదేమని ఋత్విక్కులను అడిగేవాడు. దూతను పంపి, వాడు నగరద్వారం దాటకముందే ఇంకొక దూతను పంపేవాడు. ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడని లోకం నవ్వుకుంటుంది కానీ, రాజు ఆత్రపడితే నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ఆ రాజు ఏలుబడిలో మూడేళ్ళు వరుసగా వానలు లేకపోగా, ఇంద్రుని ప్రసన్నుని చేసుకోవాలని తలచి, వేయిమంది విప్రులకు నలభై దినాలు అన్నసంతర్పణ చేస్తానని ఆయన దీక్షపట్టాడు. ముప్ఫై దినాలకే కోటలోని గాదెలు అడుగంటాయి. అప్పుడు పల్లెల్లో రైతులు పాతరలలో కుండలకెత్తి దాచుకున్న విత్తనాలు మిగిలి ఉన్నవని తెలిసి, వాటిని తెప్పించాడు. ముసలి రైతులు కోటవాకిట సాగిలపడి, "మహాప్రభూ, మా పిల్లలు పస్తులున్నా ఆ కుండల మూత తీయలేదు. విత్తనం తింటే ఇక తినడానికేమీ ఉండదు" అని మొరపెట్టుకున్నారు. అన్నదానాన్ని మించిన దానం లేదని నమ్మిన రాజు వేలెత్తి కుండలను చూపాడు, భటులు ఎత్తుకుపోయారు. నలభయ్యవ దినాన వాన రానే వచ్చింది. దుక్కులు తడిసి, నేల పదునెక్కి, నాగళ్ళు కట్టి జనమంతా నిలబడితే, చల్లడానికి గింజ లేదు.

అంతట, దుక్కి చూడవచ్చిన రాజు నిలుచున్న చాలు చీలి, సర్వంసహ అయిన భూదేవి ఆకుపచ్చని చీరతో, ఎర్రబడిన కన్నులతో వెలువడి ఇలా పలికింది: "రాజా, నా గర్భాన్ని వండి వడ్డించావు. ఇకమీద నీ రాజ్యంలో విత్తు మొలవదు. పరదేశం నుంచి తెచ్చినది నా కోపం తీరినా మొలవదు. ఇదిగో ఈ దోసెడు విత్తులలో మాత్రమే ప్రాణముంచాను. వీటికీ, వీటి సంతానానికీ నేల దయ చూపుతుంది. నగరం విడిచి, నీ చేతులతో పెరడు వేసి, ఆ కాయగూరతో కార్తిక పూర్ణిమనాడు నీ వాకిటికి వచ్చిన అతిథికి అన్నం పెట్టు. పెట్టావా, నా కోపం తీరుతుంది. పెట్టలేకపోయావా, ఆనాటి సూర్యాస్తమయానికి నీ ప్రాణం తీసుకుంటాను, దానితో తీరుతుంది." ఈ మాటలు చెప్పి ఆ తల్లి అంతర్ధానమయింది.

అది ఆషాఢమాసం. రాజు కిరీటం తీసి మంత్రుల చేతిలో పెట్టి, కొద్దిపాటి పాతబియ్యం మూటగట్టుకుని, పట్టమహిషి వ్రీహిమతీదేవితో కూడ నదీతీరాన ఒక పర్ణశాల వేసుకున్నాడు. వ్రీహిమతి మునికన్య. నడక రాకముందే ఆశ్రమంలో పాదులమధ్య పాకింది, అక్షరాలకంటే ముందు ఆకులను గుర్తుపట్టింది. అయితే దేవి శాసనం ప్రకారం పెంచవలసినది రాజు చేయి గనుక, ఆమె నోటితో చెప్పగలదే తప్ప మట్టి ముట్టుకోరాదు. ఆ సాధ్వి పడిన అవస్థ ఇంతా అంతా కాదు.

దోసెట్లో బెండ, చిక్కుడు, వంగ, దోస, బీర, ఆనప విత్తులున్నవి. ఒక మామిడిటెంక, రెండు పనసగింజలు కూడా ఉన్నవి. ఆమె చెప్పినట్లే రాజు గోతులు తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి, తడిపి, చిక్కుడు, బెండ, వంగ ముందుగా విత్తాడు. పెరటి అంచున టెంకనూ గింజలనూ పాతాడు. ఇక ఆనాటినుంచి ఆయనకు అన్నం సహించలేదు. కాలు కాలిన పిల్లిలా మడిచుట్టూ తిరిగి, మూడవనాడు ఒక పుల్లతో మన్ను పెళ్ళగించి చిక్కుడుగింజను బయటకు తీసి చూచాడు. ఉబ్బింది, మొలక లేదు. మళ్ళీ పాతిపెట్టాడు. నాలుగవనాడు మళ్ళీ తీశాడు. తెల్లని ముక్కు కనబడింది. ఆ సంతోషం పట్టలేక మిగిలినవన్నీ తీసి చూచాడు.

"నాథా, ఉయ్యాలలో పిల్లను నిద్రపోయిందా లేదా అని గంటకొకసారి లేపి అడుగుతారా?" అన్నది వ్రీహిమతి.

"దేవీ, లోపల ఏమవుతున్నదో తెలియకుండా ఎలా కూర్చోను? నా మనసు ఆగడంలేదు" అన్నాడు రాజు.

అలా తీసి పెట్టి, తీసి పెట్టి, ఆ విత్తుల వేళ్ళు తెగి ఎండిపోయాయి. పనసగింజలు బూజుపట్టాయి. మామిడిటెంకను పదిహేనవనాడు చీల్చి చూడగా లోపల లేత మొలక నిక్షేపంగా ఉంది. చీల్చిన తరువాత లేదు. పెరిగి పెద్దది కావలసిన చెట్టును తానే చంపానని రాజు ఆ పూటంతా టెంక చిప్పలు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

శ్రావణంలో దోస, బీర విత్తాడు. ఈసారి మన్ను ముట్టుకోనని ఒట్టుపెట్టుకున్నాడు. కానీ ఆరాటం ఏదో ఒక దారి వెతుక్కుంటుంది కదా. చేతులు ఊరుకోక, నదికి వెళ్ళడం, కడవ ముంచడం, పాదులో పోయడం, మళ్ళీ నదికి వెళ్ళడం. వద్దు వద్దని రాణి మొత్తుకుంటున్నా, దాహంతో ఉన్నదేమోనని ఇంకొక కడవ పోసేవాడు. మొలిచిన నాలుగు మొక్కలూ మొదలు కుళ్ళి పక్కకు ఒరిగిపోయాయి. ఎండకు చచ్చిన మొక్కను చూస్తే జాలి కలుగుతుంది. నీళ్ళు పోసి చంపినదాన్ని చూస్తే ఎవరి ముఖం చూడాలో తెలియదు.

ఇక మిగిలినవి మూడు ఆనపగింజలు. అవి వ్రీహిమతి కొంగుముడిలో ఉన్నవి. భాద్రపద మాసారంభాన వాటిని రాజు చేతిలో పెట్టి, ఆమె ఇలా అన్నది: "ప్రభూ, మీ భయం నాకు తెలుసు. మీకంటే నాకే ఎక్కువ భయం, పోయేది నా పసుపుకుంకుమ. అయినా చెబుతున్నాను. విత్తి, కప్పి, నీళ్ళు చిలకరించి, ఇవతలికి వచ్చేయండి. వచ్చి నా పక్కన కూర్చోండి."

రాజు అలాగే చేశాడు. ఎనిమిది దినాలు పర్ణశాల వాకిట చేతులు చంకల్లో ఇరికించుకుని, రాణి పక్కన, కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. మూడింటిలో ఒకటే మొలిచింది. ఆ ఒక్కటీ సాగింది, పందిరెక్కింది, పురుగు రాకుండా ఆకులమీద బూడిద చల్లించుకుంది, ఆశ్వయుజం చివర తెల్లని పూలు పూసి నాలుగు పిందెలు వేసింది.

ఆ నాలుగింటినీ చూచినప్పుడు రాజు ఒళ్ళు మరచిపోయాడు. "దేవీ, అదిగో ఒకటి, అదిగో రెండు, అదిగో మూడు" అని చూపుడువేలు చాచి చూపించాడు. వ్రీహిమతి పరుగున వచ్చి ఆ చేయి పట్టుకున్నది. పిందెను వేలెత్తి చూపరాదు, చూపవలసివస్తే వేలు మడిచి చూపాలి. పల్లెలో పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన ఈ సంగతి, సేనలనూ సామంతులనూ వేలితోనే నడిపిన రాజుకు తెలియలేదు. చూపిన మూడు పిందెలూ వారం తిరగకుండా పసుపుబారి రాలాయి. ఆమె ఆపినందున నాలుగవది నిలిచింది. పిడికెడంత అయినాక, రాణి చెప్పగా రాజే దాని తొడిమకు ఎర్రదారం కట్టాడు. దిష్టి కోసమనుకున్నాడు, అడగలేదు.

కార్తిక పూర్ణిమ వచ్చింది. మూరెడు పొడవున, లేత ఆకుపచ్చని నూగుతో, గోరు గుచ్చితే దిగేటంత లేతగా కాయ పందిరికి వేలాడుతోంది. రాజు తెల్లవారకముందే లేచి పదిసార్లు దాన్ని చూచి వచ్చాడు. కాయ ఉంది, అతిథి రాలేదు. రాకపోతే? దారి తప్పితే? మధ్యాహ్నందాకా ఆయన ప్రాణాలు గుమ్మంలోనే ఉన్నాయి.

మిట్టమధ్యాహ్నం, పన్నెండేళ్ళు రాలిన ఆకులు మాత్రమే తిని తపస్సు చేసిన జీర్ణపర్ణ మహర్షి, ఎముకలకు తోలు చుట్టినట్లున్న దేహంతో, కర్ర ఊనుకుంటూ వాకిట నిలిచాడు. అర్ఘ్యపాద్యాలు అందుకుని, "రాజా, నేడు నా వ్రతానికి పారణ. ఆ పందిరిమీది కాయను చూడగానే పన్నెండేళ్ళ ఆకలి ఒక్కసారి లేచింది. దానిని వండించు. స్నానం చేసి వస్తాను" అని నదికి సాగిపోయాడు.

రాజుకు ఆనందంతో కాళ్ళు నిలవలేదు. శాపం తీరింది, బ్రతికాను, హారీతదేశం పచ్చబడింది అనుకుంటూ కత్తి తీసుకుని పందిరి కిందికి వెళ్ళాడు. తొడిమ పట్టుకున్నాడు. వెనుక రాణి ఏడుస్తున్నది.

"దేవీ, ఇంకా ఏడుపెందుకు?"

"ప్రభూ, ఆ దారం విత్తుకాయకు కట్టే దారం. పాదున మొదట నిలిచిన మంచికాయకు కట్టి, ముదిరి ఎండి లోపల గింజలు గలగలమనేదాకా ఇంటివాళ్ళు కూడ ముట్టరు. ఇంకొక కాయ నిలుస్తుంది, అది కూరకు, ఇది విత్తుకు అనుకుని ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు. నిలవలేదు. మీరిప్పుడు కోస్తే లోపల ఉన్నవి నీళ్ళగింజలు. నేల కోపం తీరుతుంది, సరే. ఆ నేలలో మనవాళ్ళు ఏమి విత్తుతారు? ప్రాణమున్న విత్తు దేశం మొత్తంమీద ఇదొక్కటే." ఆమె కొంగుతో నోరు మూసుకుని, మళ్ళీ అన్నది: "కోయవద్దని నేను అనలేను. కోయమనీ అనలేను. మీరు బ్రతకాలని నాకుంది."

రాజు చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. నాలుగు మాసాలుగా ఈ దినం గురించి తప్ప ఆయన మరేమీ తలచలేదు. దీని తరువాత ఇంకొక దినం ఉంటుందనీ, ఆనాడు జనం మడిచెక్కల దగ్గర ఉత్త చేతులతో నిలబడతారనీ ఒక్కసారైనా తట్టలేదు. కోటవాకిట సాగిలపడిన ముసలివాళ్ళు ఏమన్నారో ఆయనకు ఇప్పుడు అర్థమయింది. చావంటే ఆయనకు భయం వేసింది. వేయలేదని చెబితే అబద్ధమవుతుంది. అయినా తొడిమను వదిలి, కత్తిని పందిరి గుంజకు గుచ్చి ఇవతలికి వచ్చాడు.

మహర్షి స్నానం చేసి వచ్చేసరికి ఆకులో అన్నమూ, ఉప్పూ మాత్రమే ఉన్నాయి. రాజు సాష్టాంగపడి జరిగినదంతా దాచకుండా విన్నవించి, "స్వామీ, అడిగినది పెట్టలేని అతిథిద్రోహిని. శపించదలిస్తే సాయంకాలంలోపు శపించండి, తరువాత నేనుండను" అన్నాడు.

జీర్ణపర్ణుడు ఆకు ముందు కూర్చున్నాడు. "కూర లేకపోతే ప్రాణం పోదులే నాయనా, నాకు" అని, ఉప్పు కలుపుకుని, మెతుకు మిగలకుండా తిని, లేచి, పందిరి కిందినుంచి పోతే కాయకు జడలు తగులుతాయేమోనని చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలింది. రాజూ రాణీ పాదు దగ్గర కూర్చున్నారు. కాయ ఎన్నాళ్ళకు ఎండుతుంది, ఎలుకలు పడకుండా ఏం చేయాలి, గింజలను బూడిదలో ఎలా కలిపి దాచాలి అని ఆయన అడుగుతుంటే, ఆమె ఒక్కొక్కటిగా చెప్పింది. సూర్యబింబం నదిలో మునిగింది. రాజు రాణి చేయి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

పాదులోని మన్ను కదిలి, రత్నగర్భ, విష్ణుపత్ని, భూతధాత్రి అయిన ఆ తల్లి లేచి నిలిచింది. ఆమె కన్నుల్లో ఎరుపు లేదు. "అంశుధ్వజా, లే. ప్రాణం తీసుకుంటానన్నాను. కత్తి గుంజకు గుచ్చినప్పుడే నీవు దానిని నాకు ఇచ్చావు, నాకు ముట్టింది. ఇప్పుడు దానిని నీకే తిరిగి ఇస్తున్నాను, ఈ నేలను సాకడానికి ఒక మనిషి కావాలి. ఈ కాయ ఎండి మొదటి గింజ మొలిచిన దినాన నీ రాజ్యంలోని సకల ధాన్యాలకూ, శాకాలకూ, వృక్షాలకూ విత్తులు ప్రాణం పోసుకుంటాయి. ఇది ప్రజలకు. నీకు ఏం కావాలో కోరుకో."

రాజు చేతులు జోడించి, "అమ్మా, రాజ్యం వద్దు, ఆయుష్షు వద్దు. నాలుగు మాసాలు ఈ ఆరాటంతో చచ్చి బ్రతికాను. ఈ కాయ ఎండేదాకా ఇంకా మూడు మాసాలు. విత్తి నిశ్చింతగా నిద్రపోగల మనసు ఒక్కటి ప్రసాదించు" అన్నాడు.

భూదేవి వంగి పాదులోని మన్ను చేత్తో సవరించింది. తరువాత మెల్లగా అన్నది: "ఆ వరం నా దగ్గర లేదు నాయనా. సృష్టి మొదలైనప్పటినుంచీ ఎన్ని కోట్ల విత్తులను కడుపులో పెట్టుకున్నానో, ప్రతిదానికీ, మొలిచేదాకా, నాకూ నిద్రలేదు."

అలా అని ఆమె మట్టిలో కలిసింది. మాఘంలో కాయ ఎండింది, ఫాల్గుణంలో విత్తు మొలిచింది, హారీతదేశంలో మళ్ళీ నాగళ్ళు కదిలాయి, అంశుధ్వజుడు వ్రీహిమతీ సమేతుడై చిరకాలం రాజ్యమేలాడు. ఆ దేశంలో విత్తనం వేసి మన్ను కప్పినవాళ్ళు, లేచిపోయేముందు ఆ చోట అరచేయి ఆనించి, "అమ్మా, ఇద్దరం కనిపెట్టుకుని ఉందాం" అని చెప్పి వెళ్ళేవారట. అలా మొదట చెప్పినవాడు రాజే.