మడుగు దగ్గర గుర్రాల పోరు

తుమ్మలకోన అనే అడవిలో గుర్రాలు, అడవిమేకలు, కుందేళ్ళు, ముళ్ళపందులు కలిసి బతికేవి. గుర్రాలన్నీ ఒకే కుటుంబం. అందుకని పిన్నీ, మరిదీ, అత్తా అంటూ వరుసలు పెట్టి పిలుచుకునేవి.

ఒక వేసవిలో వాగులన్నీ ఎండిపోయి, అడవి మొత్తానికి ఒక్క మడుగు మిగిలింది. అప్పుడు వేగరాజు అనే పడుచు గుర్రం, "ఈ నీళ్ళు ఇక గుర్రాలకే. మిగతావాళ్ళు కొండ అవతల చూసుకోవాలి" అంది.

"మేకపిల్లలు కొండ దాటగలవటరా? దారిలోనే పడిపోతాయి" అంది దాని పిన్ని చుక్కమ్మ. నుదుట తెల్లచుక్క ఉండటంతో ఆ ఆడగుర్రానికి ఆ పేరు వచ్చింది.

వేగరాజు వినలేదు. సగం గుర్రాలు దానివైపు చేరాయి, సగం చుక్కమ్మవైపు. దీన్నే అంతర్యుద్ధం అంటారు. అంటే బయటినుంచి శత్రువెవరూ రాలేదు. ఒకే ఇంటివాళ్ళు రెండుగా చీలి ఎదురెదురుగా నిలబడ్డారన్నమాట. నీళ్ళలో వాటా ఇస్తానని వేగరాజు అడవిదున్నలను కూడా తోడు తెచ్చుకుంది.

పోరుకు ముందు వేగరాజు తన గుర్రాలకు పరుగు నేర్పింది. చుక్కమ్మ తనవాటికి ఆగడం నేర్పింది. పరుగు ఊపులో ఉండగా అది సకిలిస్తే అన్నీ ఆగి వెనక్కి తిరగాలి. మనకు తేలికే అనిపిస్తుంది. కానీ ముందు ఒకటి పరిగెడుతుంటే వెనకున్న గుర్రానికి ఆగడం చేతకాదు. అది వాటి పుట్టుగుణం.

వేగరాజు గట్టుమీంచి చూసి నవ్వింది. "పిన్నీ, మీవాళ్ళకు నిలబడటం బాగానే వచ్చింది. ఇక పడుకోవడం కూడా నేర్పించు."

"నిన్ను చిన్నప్పుడు పడుకోబెట్టింది నేనే నాయనా. వీళ్ళ సంగతీ చూస్తాలే" అంది చుక్కమ్మ.

పోరు రోజు వచ్చింది. మేకలు, ముళ్ళపందులు మడుగుకు అడ్డంగా నిలబడ్డాయి. వాటికి ఎడమపక్క చుక్కమ్మ మరిది బొల్లన్న దళం, కుడిపక్క చుక్కమ్మ దళం.

వేగరాజు పిడుగులా వచ్చి బొల్లన్న దళం మీద పడింది. ఆ గుర్రాలు చెల్లాచెదురై పారిపోయాయి. అప్పుడే మడుగువైపు తిరిగి ఉంటే వేగరాజు గెలిచేదే. కానీ ఎదురుగా బొల్లన్న పరిగెడుతోంది. వేగరాజు కాళ్ళు ఆగలేదు. "ఒక్కదాన్నీ వదలొద్దు" అంటూ వాగు దాటింది, గుట్ట దాటింది. గుట్ట వెనక చుక్కమ్మవాళ్ళు దాచుకున్న గడ్డికుప్ప కనిపించింది.

"ఎలాగూ గెలిచాం. రెండు పరకలు మేసి పోదాం" అంది వేగరాజు. దళమంతా తలలు వంచి మేయసాగింది.

ఇక్కడ మడుగు దగ్గర దున్నలు మేకలను తోసుకుంటూ వస్తున్నాయి. ముళ్ళపందులు ముళ్ళు నిక్కబొడిచి ఆపుతున్నాయి కానీ ఎంతసేపు ఆపగలవు?

కుడిపక్క చుక్కమ్మ దళం తన ఎదురుగా ఉన్న వేగరాజు మిగతా గుర్రాలను చెదరగొట్టింది. "అత్తా, ఇంకాస్త తరిమితే దొరికిపోతారు" అంది ఒక కుర్రగుర్రం.

"పోయేవాళ్ళను పోనీ. మేకపిల్లలు మడుగు దగ్గరున్నాయి" అంటూ చుక్కమ్మ సకిలించింది.

గుర్రాల కాళ్ళు ముందుకే లాగాయి. అయినా అన్నీ వెనక్కి తిరిగి, దున్నలను పక్కనుంచి ఢీకొట్టాయి.

"వేగరాజు ఏదీ?" అని అరిచింది పెద్దదున్న.

"గుట్ట వెనక గడ్డి మేస్తోంది" అంది చెట్టుమీది కాకి.

"మమ్మల్ని పోరుకు పిలిచి తను విందుకు పోయిందా? పదండి పోదాం" అని దున్నలు వెనుదిరిగి వెళ్ళిపోయాయి.

వేగరాజు కడుపునిండా మేసి, రొప్పుతూ, దాహంతో తిరిగి వచ్చేసరికి మైదానం ఖాళీగా ఉంది. మేకపిల్లలు నీళ్ళు తాగుతున్నాయి.

"పిన్నీ, యుద్ధం ఏమైంది?"

"అయిపోయింది నాయనా. నీకోసం చూశాం, నువ్వు రాలేదు."

వేగరాజు తల దించుకుంది. చుక్కమ్మ దాన్ని తరిమెయ్యలేదు. "వానలు పడేదాకా కుందేళ్ళన్నీ తాగాకే నీ వంతు" అని మాత్రం చెప్పింది.

ఒక కుందేలుపిల్ల నీళ్ళు తాగి మూతి తుడుచుకుంటూ, "మామా, ఒక్క నిమిషం. మా చెల్లి ఇంకా తాగలేదు" అంది. తోక ఆడించుకుంటూ ఆగడం తప్ప వేగరాజుకు వేరే దారి లేకపోయింది. ఆ ఏడు మడుగు నీళ్ళు అందరికీ సరిపోయాయి.

నీతి: చిన్న గెలుపు చూసి మురిసిపోయి అసలు పని మరిచినవాడు చేతికందిన గెలుపును కూడా పోగొట్టుకుంటాడు.