నేరేళ్ళ సందులో ఆగిన బస్సు

కాలువ వీధిలో ఇళ్ళన్నీ ఒక పక్కే. రెండో పక్క కాలువ. మధ్యలో రోడ్డు. పొద్దున్నే బాతు పల్లాలమ్మ ముందు నడిచేది, వెనకాల పిల్లలు దారానికి గుచ్చినట్టు వరసగా నడిచేవి. గేదెలు కూడా ఆగేవి. "పోనీండర్రా, పసివాళ్ళు" అని దారిచ్చేవి. అందరికన్నా వెనక కడగొట్టు పిల్ల. నీళ్ళు కనపడితే చాలు, బుడుంగున మునిగేది. అందుకని దాని పేరే బుడుంగు అయిపోయింది.

అలాంటి వీధిలోకి నక్క జంబులింగం బస్సు వచ్చింది.

ఊరికి బస్టాండు లేక కాదు. ఊరి చివర ఎద్దు నందయ్య బస్టాండు ఉంది. అక్కడ నీళ్ళతొట్టి ఉంది, నీడ ఉంది, మూట దించుకుని కూర్చోడానికి చోటుంది. వీటన్నిటికీ ఖర్చవుతుంది కాబట్టి అక్కడ టిక్కెట్టు కాస్త ఎక్కువ. జంబులింగం ఓ రోజు ఆ బస్టాండు చుట్టూ తిరిగి చూశాడు. మూతి నాక్కున్నాడు.

"రోడ్డుండగా స్టాండెందుకు?" అన్నాడు.

మర్నాడే బస్సు దింపాడు. బస్సు ఒంటి మీద ఇంతింత అక్షరాలు: "చెయ్యెత్తినా, రెక్కెత్తినా, తోకెత్తినా ఎక్కడైనా ఆగును. టిక్కెట్టు సగమే!"

అప్పనంగా వస్తే నాకొకటి, మా అక్కకొకటి అన్నారు. సగం ధరకే ఏనుగుల కొండకి పోవచ్చంటే ఎవరాగుతారు? మేకలు ఎక్కాయి, కుందేళ్ళు ఎక్కాయి. పల్లాలమ్మా ఎక్కింది. కొండ కింది మడుగులో ఆమె చెల్లెలుంది, చూసి చాలాకాలమైంది. తన గుమ్మంలో ఎక్కి చెల్లెలి గుమ్మంలో దిగింది. ఎంత సంతోషపడిందో! ఆ మాట దాచడమెందుకు?

ఆ ప్రయాణంలోనే ఆమె ఒకటి గమనించింది. ఊరంతా హారన్ మోగుతూనే ఉంది. నేరేళ్ళ సందులోకి తిరిగేసరికి మాత్రం డ్రైవరు, అడవిపంది వరాలు, హారన్ మీంచి చెయ్యి తీసేశాడు. కండక్టరు, కోతి కిష్కయ్య, నోరు మూసుకున్నాడు. బస్సు పిల్లిలా నడిచింది.

"ఏం నాయనా, గొంతు పోయిందా?" అంది పల్లాలమ్మ.

"ష్! ఆ నీలం తలుపు మా సారుది," అన్నాడు కిష్కయ్య గుసగుసగా. "లోపల పిల్లలు పడుకునుంటారు. ఇక్కడ చప్పుడు చేస్తే అమ్మగారు ఊరుకోరు."

పల్లాలమ్మ కిటికీలోంచి చూసింది. చల్లటి సందు. వాకిట్లో ముగ్గు. ముగ్గు మీద ఒక్క అడుగు పడలేదు.

ఒక బస్సు మూడు బస్సులైంది, మూడూ కాలువ వీధిలోనే ఆగేవి. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది కాలువ వీధి సంగతి. గుమ్మాల నిండా మూటలు, పెట్టెలు. మెట్ల మీద తొక్కలు. గోడల సంగతి చెప్పక్కర్లేదు, వాసనే చెప్పేది.

పైగా బస్సు నిండితేనే కదిలేది. కదలని బస్సు ఎవరూ ఎక్కరు. అందుకు వరాలు ఒక విద్య కనిపెట్టాడు. ఇంజను గుర్రుమనిపించి బస్సుని కాస్త ముందుకి పోనిచ్చేవాడు, మళ్ళీ వెనక్కి లాగేవాడు. ముందుకి, వెనక్కి. ముందుకి, వెనక్కి. చూసేవాళ్ళకి ఇదిగో వెళ్ళిపోతోందనిపించేది. తలుపుకి వేలాడుతూ కిష్కయ్య కేకలు పెట్టేవాడు.

"ఏనుగుల కొండ, ఏనుగుల కొండ! ఒక్క సీటే! ఎక్కితే కదలడమే!"

లోపల సీట్లన్నీ ఖాళీ.

ఓ పొద్దున పల్లాలమ్మ, ఆగి ఉన్న బస్సు వెనక నుంచి పిల్లల్ని దాటిస్తోంది. అందరూ దాటారు. బుడుంగు మిగిలింది. ఇంజను గుర్రుమంది. బస్సు వెనక్కొచ్చింది.

పల్లాలమ్మ అరిచింది. ఏమని అరిచిందో ఆమెకే తెలీదు.

చక్రం ఆగాక చూస్తే, బుడుంగు చక్రానికి ఇవతల ఉంది. దాని తోక ఈకలు చక్రం కింద ఉన్నాయి. పిల్ల దక్కింది. ఈకలు పోయాయి.

ఆ రోజు నుంచి పల్లాలమ్మకి మాటలు తగ్గిపోయాయి. ఇంజను గుర్రుమంటే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కునేది. పిల్లల్ని రోడ్డు దాటనివ్వలేదు. నీళ్ళు లేని బాతుపిల్ల ఎదగదని ఆమెకి తెలుసు. దాటిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. బుడుంగు గుమ్మంలో కూర్చుని, బస్సు చక్రాల సందులోంచి కాలువ వంక చూసేది.

పల్లాలమ్మ ముందు ఎద్దు నందయ్య దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళో పెద్ద అతనే.

"ఓర్చుకో తల్లీ," అన్నాడు నందయ్య నెమరేస్తూ. "భూదేవి ఎంత ఓర్చుకుంటోంది!"

"భూదేవి రోడ్డు దాటక్కర్లేదు మావయ్యా," అంది పల్లాలమ్మ.

నందయ్య నెమరు ఆగిపోయింది.

అక్కణ్ణించి తిన్నగా నక్క దగ్గరికి నడిచింది. జంబులింగం మొదటి బస్సు బంపరు మీద కూర్చుని మీసాలు దువ్వుకుంటున్నాడు.

"రా చెల్లెమ్మా! కొండకేనా? నీకు కిటికీ సీటు!"

"కొండకి కాదు. బస్సులు బస్టాండులో పెట్టుకో అన్నా. పిల్లలు దాటాలి."

"విన్నాను, విన్నాను. పాపం! ఈకలేగా, మొలుస్తాయిలే."

పల్లాలమ్మ బస్సు చక్రం వంక చూసింది.

"నువ్వే చెప్పు," అన్నాడు జంబులింగం. "నీ ఇంట్లో పెట్టానా? నీ పెరట్లో పెట్టానా? రోడ్డు మీద పెట్టాను. రోడ్డు అందరిదీ. జనం చెయ్యెత్తారు, ఆగాను. ఎత్తకపోతే ఎందుకాగుతాను? ఇందులో నా తప్పేముంది?"

"చెయ్యెత్తితే ఎక్కడైనా ఆగుతుందా?"

"రాయించానుగా!"

"ఎవరి గుమ్మంలోనైనా?"

"రాజుగారి గుమ్మమైనా సరే! ఆగని రోజున నా తోక కోసి నీ చేతిలో పెడతా," అన్నాడు వీధంతా వినేలా.

"తోకలొద్దులే అన్నా," అంది పల్లాలమ్మ. "ఒకటి పోయింది, చాలు."

వెనక్కొస్తూ టీ కొట్టు దగ్గర ఆగింది. కొట్టు మేక ముత్యాలుది. వీధంతా పొద్దున్నే అక్కడే చేరుతుంది. పల్లాలమ్మ నోరు తెరవకముందే ముత్యాలు గడ్డం ఆడించింది.

"బస్సు మానమని మాత్రం చెప్పకు పల్లాలమ్మా. నీ బాధ నిజమే. కానీ మా అక్క కూతురు నెలలు నిండి కొండలో ఉంది. సగం ధరకి ఇంకెవరు తీసుకెళ్తారు? పైగా బస్సు ఆగితేనే నాకు బేరం."

"మానొద్దు. అందరూ ఎక్కండి."

"మరి?"

"నేరేళ్ళ సందులో ఎక్కండి. అక్కడ నీడ."

"నా టీ?"

"కెటిల్‌కి కాళ్ళు లేవు. నీకున్నాయిగా."

ముత్యాలు ఆమె మొహంలోకి చూసింది. నేరేళ్ళ సందులో నీలం తలుపు ఎవరిదో వీధిలో అందరికీ తెలుసు. ముందు కుందేలు కిసుక్కున నవ్వింది. తర్వాత ముత్యాలు గడ్డం ఊగింది. తర్వాత కొట్టు కొట్టంతా ఊగింది.

"ఓసి నీ అసాధ్యం కూలా! ఇన్నాళ్ళూ నిన్ను ఉత్త బాతువనుకున్నానే!"

"ఒక్క మాట," అంది పల్లాలమ్మ. ఆమె నవ్వలేదు. "బస్సు వెనకాల నేను నిలబడతాను. అక్కడా పిల్లలున్నారు."

మర్నాడు కాలువ వీధిలో కిష్కయ్య గొంతు చించుకున్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు. ఒక్క రెక్క లేవలేదు. వరాలు బస్సుని ముందుకీ వెనక్కీ ఊపి ఊపి విసిగిపోయాడు.

"ఊరంతా ఏ గంగలో దూకిందిరా?" అని బస్సు ముందుకి పోనిచ్చాడు. మిగతా రెండూ వెనకాలే కదిలాయి.

నేరేళ్ళ సందు మలుపు తిరిగారు. ఊరంతా అక్కడే ఉంది! నీలం తలుపు ముందు మూటలు, పెట్టెలు, బుట్టలు. బస్సు కనపడగానే చేతులు లేచాయి, రెక్కలు లేచాయి, తోకలు లేచాయి.

"ఆపకు, ఆపకు! సారు ఇల్లు!" అన్నాడు కిష్కయ్య.

"సారుకి నిండిన బస్సు కావాలా, ఖాళీ బస్సు కావాలా?"

కిష్కయ్య బుర్ర గోక్కున్నాడు. "నిండిందే."

వరాలు బ్రేకు తొక్కాడు. వెనక రెండు బస్సులూ ఒకదాని తోక ఒకటి ముట్టుకున్నట్టు ఆగాయి. సందు నిండిపోయింది. హారన్లు! ముత్యాలు కెటిల్ దింపింది, "టీ, టీ!" అని అరిచింది. ముగ్గు మీద అరటితొక్కలు పడ్డాయి. కిష్కయ్యకి ఇక నోరాగలేదు. "ఏనుగుల కొండ, ఏనుగుల కొండ! ఒక్క సీటే!"

నీలం తలుపు భళ్ళున తెరుచుకుంది. జంబులింగం భుజం మీద తువ్వాలు, మొహం నిండా సబ్బు నురగ.

"ఇక్కడ కాదురా! తియ్యండి! నా ఇంటి ముందా?"

"రోడ్డు అందరిదీ బావా!" అంది ముత్యాలు.

"రెక్కెత్తాం, ఆగింది. తప్పెవరిది?" అన్నాయి కోళ్ళు.

"తోకెప్పుడు కోస్తారు సారూ?" అంది కుందేలు మూట వెనక నుంచి.

సందంతా గొల్లుమంది. జంబులింగం ఒక బస్సు మీద కొడతాడు, ఇంకో బస్సుకి అడ్డం పడతాడు. ఎవరూ వినరు. అతని గొంతు ఎవరికీ వినపడదు.

పల్లాలమ్మ మాత్రం అటు చూడలేదు. అన్నమాట ప్రకారం మొదటి బస్సు వెనక చక్రం పక్కన నిలబడి, తెరిచి ఉన్న నీలం తలుపు వంకే చూస్తోంది.

ఆ తలుపులోంచి ఒక నక్కపిల్ల బయటికొచ్చింది. ఇంత దగ్గర్నించి బస్సుని చూడటం దానికదే మొదలు. నోరు తెరుచుకుని, చక్రం వెనకాలకి నడిచింది.

లోపల ఇంకా సీట్లున్నాయి. వరాలు అలవాటుగా ఇంజను గుర్రుమనిపించాడు. బస్సు కాస్త ముందుకెళ్ళింది.

ఇక వెనక్కి రావాలి.

పల్లాలమ్మ పరిగెత్తింది. చక్రానికీ పిల్లకీ మధ్య దూరి రెండు రెక్కలూ చాపింది. ఈసారి ఏమని అరుస్తోందో ఆమెకి తెలుసు.

"ఆపు!"

"ఆపు! ఆపరా! ఆపు!" సందు సందంతా అరిచింది.

చక్రం ఆమె రొమ్ము ఈకలకి తగిలి ఆగింది.

హారన్లు ఆగిపోయాయి. ఇంట్లోంచి నక్క భార్య సింగారమ్మ పరిగెత్తుకొచ్చింది. పిల్లని మెడ పట్టి ఎత్తుకుని గుండెకి అదుముకుంది. అప్పుడు బాతుని చూసింది. బాతు రెక్కలు ఇంకా చాపే ఉన్నాయి.

"దించు వదినా," అంది సింగారమ్మ. "ఆగింది. రెక్కలు దించు."

పల్లాలమ్మ మెల్లిగా దించింది.

"ఈ బస్సులు రోజూ ఎక్కడ ఆగుతాయి?"

"మా గుమ్మంలో."

"నీకూ పిల్లలున్నారా?"

"ఉన్నారు. కడగొట్టుదానికి తోక లేదు."

సింగారమ్మ మొగుడి వంక తిరిగింది. మొహం మీద సబ్బు ఎండిపోయి అతను బూజు పట్టినట్టున్నాడు.

"అది కాదు సింగారం... రోడ్డంటే..."

"చెప్పు. రోడ్డు ఎవరిదన్నావు?"

తనదాకా వస్తే గానీ తత్వం బోధపడదు. అంత మాటకారి జంబులింగమూ తోక కాళ్ళ మధ్య పెట్టుకుని మూడు బస్సులనీ ఊరి చివరికి తోలించాడు.

"చోటుంది," అన్నాడు నందయ్య నెమరేస్తూ. "వరసలో పెట్టు. నీళ్ళతొట్టి ఇక నువ్వే కడుగు."

టిక్కెట్టు కాస్త పెరిగింది. ముత్యాలు ముందు సణిగింది, తర్వాత కెటిల్ పట్టుకుని బస్టాండుకి నడిచింది.

కాలువ వీధిలో మళ్ళీ వరస కదిలింది. పల్లాలమ్మ అటు చూసింది, ఇటు చూసింది. మళ్ళీ అటు చూసింది. ఆ భయం ఇక పోయేది కాదు. పిల్లలు దాటారు. చివర్న తోక లేని పిల్ల గట్టెక్కి, వెనక్కి కూడా చూడకుండా, బుడుంగుమంది.

పక్కవాడి గుమ్మం వీధే కదా అనుకున్నవాడికి, తన గుమ్మమూ వీధిలోనే ఉందని ఏదో ఒక రోజు తెలిసొస్తుంది.