పెద్ద ఫ్యాను

కొండ కింద ఊరికి ఉన్నది ఒక్కటే స్పేర్‌పార్టుల కొట్టు. దాని యజమాని విశ్వపతికి ఎదురు చెప్పేవాళ్లు లేరు. పాత పికప్‌లో బడిపిల్లల్ని ఘాట్‌రోడ్డు ఎక్కించే గవరయ్య, ఇంజను మరిగిపోతోందని రేడియేటర్‌కు కరెంటు ఫ్యాను కొనడానికి వచ్చాడు.

"నా బండికి చిన్నది చాలు బాబూ."

"పెద్దదే పట్టుకుపో. నాకే పాఠాలు చెబుతావేంట్రా?"

"అయితే నా బండికే తగిలించి, లైట్లు వేసి చూడండి. హారన్ మోగితే కొంటాను."

తగిలించగానే పెద్ద ఫ్యాను హోరెత్తింది. కాసేపటికి లైట్లు మసకబారాయి. విశ్వపతి హారన్ నొక్కితే పిల్లికూన మూలిగినట్టయింది.

"గాలి బ్రహ్మాండం బాబూ! బండిలో పుట్టే కరెంటంతా ఇదే తినేస్తోంది. ఇక మలుపు మలుపుకీ అరవడానికి మీరే వచ్చి నా పక్కన కూర్చోవాలి."

విశ్వపతి అర మీంచి చిన్న ఫ్యాను దింపాడు.