కడగని కూజా

పని చెయ్యనివాణ్ణి చూస్తే మస్తానుకు ఒళ్లు మండేది. ఫకీర్లు ఉండే ఆ కొండమీది తకియాలో బుడేసాబు అని ఒక ముసలివాడు ఉన్నాడు. నమాజుకు లేవడు, ఊడవడు, నీళ్లు మొయ్యడు. గంజి వేళకు మాత్రం గిన్నె పట్టుకుని వస్తాడు. వాణ్ణి కొండ దింపెయ్యమని మస్తాను తన గురువు పీరుసాబును అడిగాడు.

"చూద్దాంలే నాయనా," అన్నారు పీరుసాబు.

తకియా వెనక బండల మధ్య వాననీళ్లు నిలిచే దొన ఉంది. గోడలకు పచ్చటి పాచి, పైన వెంట్రుకల్లా తేలే నాచు. ఇదీ పనికిమాలినదే అనుకున్నాడు మస్తాను. శుభ్రత గొప్ప గుణమే. దానికి పొగరు తోడైతే మనిషి దేన్నైనా రుద్దేస్తాడు. మస్తాను కొబ్బరిపీచుతో దిగి బండ తెల్లబడేదాకా రుద్దాడు. నాచంతా ఎత్తి ఎండలో పారేశాడు. అడుగున సూది పడినా కనిపించేటంత తేటగా తయారయ్యాయి నీళ్లు.

"ఈ దెబ్బతో నా వంతు పని కూడా అయిపోయిందిలే మస్తానూ," అన్నాడు బుడేసాబు, గిన్నె నాకుతూ.

కొన్నాళ్లకు దొన మూగబోయింది. సాయంత్రం కప్ప అరవలేదు. తోకకప్పలు అడుగున నల్లటి గింజల్లా పడి ఉన్నాయి. బతికిన చేపపిల్లలు పైకి తేలి, నోళ్లు తెరుచుకుని, మస్తాను ఎటు నడిస్తే అటు తిరిగాయి. లకుముకిపిట్ట బండమీద కూర్చుని నీళ్లనే చూసింది, దూకలేదు. మర్నాడు అదీ రాలేదు. మస్తాను ఒంగి చూశాడు. రెప్ప వెయ్యని కన్నులా ఉన్నాయి నీళ్లు. అందులో తన ముఖం తప్ప ఏమీ లేదు. తను వెనక్కి జరిగినా ఆ ముఖం కాసేపు అక్కడే ఉన్నట్టు తోచింది.

పరుగున వెళ్లి, దొనకు ఏదో పట్టిందని గురువుతో చెప్పాడు.

బుడేసాబు కూజా తెమ్మన్నారు పీరుసాబు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోమని ఎప్పుడో వాడికి ఇచ్చిన మట్టికూజా అది. నింపిన నీళ్లు నింపినట్టే ఎండలో ఉండి, మూతి నుంచి అడుగుదాకా పచ్చగా పాచిపట్టింది. మస్తాను దాన్ని ముక్కు మూసుకుని మోసుకొచ్చాడు.

పీరుసాబు వేళ్లతో లోపలంతా గీకి, ఆ నీళ్లను దొనలో వంచారు. పచ్చటి పోగు ఒకటి మెల్లగా విచ్చుకుంది. చేపపిల్లలన్నీ ఒక్కసారిగా మస్తానును వదిలి అటు తిరిగాయి.

ఖాళీ కూజా శిష్యుడి చేతిలో పెట్టారు ఆయన.

"కడగకుండా ఇచ్చెయ్యి," అన్నారు.